ఏడు ఒకట్లు

పోయిన నెల చర్చి వాళ్ళు మా ఇంటికి ఒక అట్టపెట్టె పంపించారు. నేనుండేది నంద్యాలలోనే, చర్చికి పట్టుమని రెండు మైళ్ళు ఉండదు, అయినా ఒక ఫోను చేసి రమ్మని పిలవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ఆటో మనిషి చేతికిచ్చి, మీ నాయన చేసినవి, పారేయడానికి మనసు రాలేదు అని ఒక చీటీ రాసి పంపించారు. ఇప్పుడక్కడ గోడకు పెద్ద తెర పెట్టుకున్నారట, కీర్తన నంబరే కాదు, కీర్తన మొత్తం దాని మీదే వెలుగుతుందట. మూత తీశాను. టీ పెట్టెల చెక్క వాసన, కలరా ఉండల వాసన, ఎండిపోయిన తెల్ల పెయింటు వాసన, వాటన్నిటి అడుగున పత్తి నూగు లాంటి వాసన ఒకటి ముక్కుకు తగిలేసరికి మూత మళ్ళీ వేసేశాను. పైన కనపడినవి ఒకట్లు. లెక్కపెట్టలేదు. ఏడు ఉంటాయని నాకు తెలుసు. ఆ ఏడు ఒకట్ల వల్ల నాకు జరిగిన అన్యాయం కూడా తెలుసు, దాన్ని ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

మా నాయన జిన్నింగు మిల్లులో వడ్రంగి. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పటికి తల మీద, కనుబొమల మీద, చెవుల్లోని వెంట్రుకల మీద కూడా పత్తి నూగు అంటుకొని ఉండేది. ఎండాకాలంలో చెమటకు అది ముద్దలు కట్టి, మనిషి ముసలివాడైపోయి వచ్చినట్టు ఉండేది. నీళ్ళు పోసుకుంటే మళ్ళీ వయసు వచ్చేది. శనివారం నీళ్ళు పోసుకోగానే, అమ్మ వేసిన జొన్నరొట్టె, శనక్కాయల ఊరుబిండి తిని, నన్ను వెంటబెట్టుకొని చర్చికి పోయేవాడు. అక్కడ బలిపీఠానికి కుడిపక్క గోడకు ఒక నల్ల చెక్క బోర్డు, దాని మీద మూడు వరసల మేకులు. మర్నాడు ఆరాధనలో పాడబోయే మూడు కీర్తనల నంబర్లు ఆ మేకులకు తగిలించడం ఆయన పని. అంకెలన్నీ ఆయనే చేశాడు, మిల్లుకు వచ్చిన టీ పెట్టెల చెక్కను అరచేతికన్నా కొంచెం పెద్ద బిళ్ళలుగా కోసి, నల్ల రంగు పూసి, తెల్ల పెయింటుతో అంకె రాసి, పైన మేకుకు తగిలించే రంధ్రం ఒకటి పెట్టాడు. ఒకట్లు ఎక్కువ కావాల్సి వస్తాయని ఏడు చేశాడు. ఆరుకూ తొమ్మిదికీ మాత్రం వేరువేరు బిళ్ళలు చేయలేదు. కింద ఒకటి, పైన ఒకటి రెండు రంధ్రాలు పెట్టి, నిలువుగా తగిలిస్తే ఆరు, తలకిందులు చేస్తే తొమ్మిది అని సరిపెట్టేశాడు.

నాకు చిన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవదు. ప్రసంగం నడుస్తుంటే బెంచీ కింద కాళ్ళు ఊపుతూ ముందు వరస వాళ్ళ వీపులకు తగిలిస్తున్నానని ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో. అందుకని శనివారం పూట నాయన బోర్డు తుడిచేంతసేపు నన్ను కుదురుగా కూర్చోబెట్టడానికి బిళ్ళల పెట్టె ముందు పెట్టేవాడు. నేను ఒకట్లు తీసి నేల మీద వరస పెట్టేదాన్ని. రెండు ఒకట్లు పెడితే పదకొండు, దాన్ని ఏదీ భాగించదు. మూడు పెడితే నూట పదకొండు, మూడు ముప్పై ఏడులు. నాలుగు పెడితే పదకొండు నూటొకట్లు. అయిదింటితో నెల రోజులు సతాయించుకున్నాక నలభై ఒకటి ఇంటూ రెండు వందల డెబ్బై ఒకటి అని దొరికింది. ఆరు ఒకట్లు మాత్రం మంచి మనసున్న సంఖ్య, మూడుకూ పోతుంది, ఏడుకూ, పదకొండుకూ, పదమూడుకూ, ముప్పై ఏడుకూ పోతుంది. ఏడు ఒకట్లు, అంటే పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు, దేనికీ పోలేదు. ఎనిమిదో బిళ్ళ లేదు కాబట్టి నా ఆట అక్కడ ఆగిపోయింది. ఆగిపోవడం నాకు గిట్టదు.

అది డెబ్బైల్లో మాట. హైస్కూల్లో పై తరగతులకు పోయేటప్పుడు అప్పట్లో లెక్కలు రెండు దారులుగా చీలేవి, కాంపోజిట్ అని ఒకటి, జనరల్ అని ఒకటి. కాంపోజిట్ చదివినవాళ్ళకే కాలేజీలో లెక్కల గ్రూపు. జనరల్‌లో పడినవాళ్ళకు ఆ తలుపు అక్కడే మూసుకునేది. ఎవరు ఎందులోకి పోవాలో మా లెక్కల సారు నిర్ణయించేవారు, ఆయన నిర్ణయం చాలా సులువుగా ఉండేది: మగపిల్లల్లో మార్కులు వచ్చినవాళ్ళు కాంపోజిట్, ఆడపిల్లలందరూ జనరల్. నాకు మార్కులు వచ్చేవి. ఆ ఏడు ఆఖరి రోజుల్లో, వేపపూల వాసన కిటికీల్లోంచి గదంతా నిండుకున్న ఒక మధ్యాహ్నం, ఆయన ప్రధాన సంఖ్యలు చెబుతూ, "ఎవురన్నా పెద్ద ప్రైం నంబరు ఒకటి చెప్పండప్పా" అన్నారు. మగపిల్లలు తొంభై ఏడు అన్నారు, నూటొకటి అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఏడు ఒకట్లు పక్కపక్కన రాస్తే అది ప్రైమా కాదా సార్?"

ఆయన బోర్డు మీద రాశారు. రెండు పెట్టి భాగించారు, ఒకటి మిగిలింది. మూడు పెట్టారు, ఒకటి మిగిలింది. అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, దేనికైనా ఒకటే మిగిలింది. సుద్దముక్క పళ్ళెంలో వేసి చేతులు దులుపుకున్నారు.

"చూస్తాండారా? ఏది పెట్టినా ఒకటే మిగుల్తాండాది. ఇది ఎవురికీ లొంగే రకం కాదు. ప్రైం."

"సార్, పదిహేడు చూడలేదు గదా సార్."

"ఆరు చూసినాక ఏడోది గూడ చూడల్నా? అన్నం ఉడికిందా లేదా అని మీ అమ్మ కుండలో మెతుకులన్నీ పిసుకుతాదా ఏంది?"

తరగతి నవ్వింది. నలభై మంది. నేను కూర్చోలేదు. నేను కూర్చోలేదన్నదే ఆయనకు కోపం తెప్పించిందని ఇప్పుడు అనుకుంటాను. "అంత పట్టుదల ఉంటే ప్రైం కాదని తేల్చుకోని రామ్మా. తేలిస్తే నిన్ను కాంపోజిట్‌లో రాస్తా. లేకుంటే నోరు మూసుకోని జనరల్‌లో కూచో" అన్నారు. నలభై మందీ విన్నారు. ఆ మాట ఆయన మరిచిపోయి ఉండవచ్చు, నేను మరిచిపోలేదు.

ఇంటికి పోగానే పదిహేడు పెట్టి చూశాను. ఎనిమిది మిగిలింది. పందొమ్మిది పెడితే పది మిగిలింది. అప్పుడు అర్థమైంది. ఆరు ఒకట్లు మూడుకూ, ఏడుకూ, పదకొండుకూ, పదమూడుకూ నిశ్శేషంగా పోతాయి. వాటి పక్కన ఒక సున్నా పెడితే రెండుకూ అయిదుకూ కూడా పోతాయి, దానికి ఒకటి కలిపితే ఏడు ఒకట్లు. మిగిలేది ఆ కలిపిన ఒకటే. అందులో ఆ సంఖ్య గొప్పతనం ఏమీ లేదు. సారు పట్టి చూసిన మెతుకులన్నీ కుండలో ఒకే పక్కవి. మెతుకుల న్యాయం అంకెలకు చెల్లదు, ప్రతి మెతుకూ పిసికి చూడాల్సిందే. సారు నేర్పిన సూత్రం ప్రకారమే, తనను తాను గుణించుకుంటే మన సంఖ్యను దాటిపోయే చోటు దాకా చూడాలి. వెయ్యిన్నీ యాభై నాలుగును దానితోనే గుణిస్తే కొంచెం తక్కువ వచ్చింది, వెయ్యిన్నీ యాభై అయిదుకు దాటిపోయింది. అక్కడిదాకా నూట డెబ్బై ఏడు ప్రధాన సంఖ్యలు ఉన్నాయని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడే తెలిసి ఉంటే మొదలుపెట్టేదాన్ని కాదు అని అందరూ అంటారు. మొదలుపెట్టేదాన్నే.

ఎండాకాలం సెలవులకు నేను ఏటా ఆళ్ళగడ్డలో మా అవ్వ దగ్గరికి, అంటే మా అమ్మ తల్లి దగ్గరికి పోయేదాన్ని. బస్సు కిటికీలోంచి వడగాలి పెనం మీది ఆవిరిలా మొహానికి కొట్టేది, పక్క సీటులో అహోబిలం పోయే మొక్కుల వాళ్ళ బుట్టలోంచి మాగిన అరటిపళ్ళు వాసన వేసేవి, బస్సు దిగగానే ఉలి దెబ్బలు వినపడేవి. ఆళ్ళగడ్డలో శిల్పులు రాయి కొట్టే చప్పుడు లేని పగలు ఉండేది కాదు. పదిమంది పది చోట్ల కొడుతుంటే ఎవరి దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియక నాకు కూర్చున్న చోట కూర్చోబుద్ధయ్యేది కాదు. ఆ ఏడు నా వెంట ఒక పచ్చరంగు పీట కూడా తీసుకుపోయాను. నాయన నా కోసం చేసింది, నేను చదువుకునేటప్పుడు దాని మీదే కూర్చునేదాన్ని. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు, "పీట గూడ టికెట్టు తీస్తాదా పాపా?" అన్నాడు. అదీ గుర్తుంది.

అవ్వ ఇంట్లో నేలంతా నాపబండలు. నల్లగా, నున్నగా, ఒక్కొక్కటి రెండు జానల వెడల్పు. పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడిస్తే ఎండ ముదిరేదాకా చల్లగా ఉండేవి, వాటి మీద వెల్లకిలా పడుకుంటే వీపులోంచి వేడి దిగిపోయేది. వంటింటి గడప దగ్గరి బండ మీద బారాకట్ట గళ్ళు ఎవరో ఉలితో గీసి పెట్టారు, మధ్యాహ్నాలు అవ్వా నేనూ చింతపిక్కలు వేసి ఆడేవాళ్ళం. ఆ ఏడాది ఆట మానేశాను. బలపం పట్టుకొని, బండకు ఒక ప్రధాన సంఖ్య చొప్పున, పీట జరుపుకుంటూ వసారా నుంచి మొదలుపెట్టి భాగహారాలు చేసుకుంటూ పోయాను. తప్పు చేయకూడదని ఒక్కొక్కటీ రెండుసార్లు చేసేదాన్ని, మిగిలింది నోటుబుక్కు వెనక రాసుకునేదాన్ని. మర్నాడు పొద్దున అవ్వ తుడిచేసేది.

"ఏందిమే ఇది, కిరస్తానపోళ్ళ ఇంట్లో ఈ ముగ్గులు?"

"ముగ్గులు కాదవ్వా. లెక్క."

"ఏం లెక్క?"

"ఏడు ఒకట్లు."

అవ్వ తడిగుడ్డ పిండుకుంది. "ఏడు ఒకట్లు ఏడే గదమే. దానికి ఇన్ని రాతలా?"

నేను కోపంతో ఆ పూట సంగటి ముట్టలేదు. అవ్వ నన్ను బతిమాలలేదు కూడా. విత్తనానికని రైతులు తెచ్చి పోసిన శనక్కాయలు ఒలుచుకుంటూ, పొట్టు ఊదుకుంటూ, ఎవరితోనో చెప్పినట్టు గోడతో చెప్పింది, "కాలుగాలిన పిల్లి మాదిరి బండబండా తిరుగుతాండాది. దేన్ని ఎతుకుతాండాదో దేవునికి తెల్సు."

నలభై రోజులు వెతికాను. ఇరవై మూడుకు నాలుగు మిగిలింది, ఇరవై తొమ్మిదికి అయిదు, ముప్పై ఒకటికి తొమ్మిది. ముప్పై ఏడు దగ్గర మళ్ళీ పాత ఒకటి వచ్చి వెక్కిరించింది. వంద దాటేసరికి మామిడికాయలు పళ్ళయిపోయాయి, అవ్వ ఆవకాయ జాడీకి గుడ్డ కట్టేసింది, నేను రుచి చూడలేదు. నూటొకటికి పది. రెండు వందలు దాటాక నిద్ర కరువైంది. కళ్ళు మూసుకుంటే అంకెలు ఒకదాని కింద ఒకటి దిగుతూ వచ్చేవి, చివరిది కనపడకముందే మెలకువ వచ్చేది. రెండు వందల ఇరవై తొమ్మిదికి మూడు మిగిలింది. లక్షల సంఖ్యలో మూడంటే మూడు. నా మొహం చూసి అవ్వ అడిగితే చెప్పాను. "మూడే గదమే, యాడో ఒకచోట సర్దు" అంది. సర్దడం కుదరదని అవ్వకు ఎట్లా చెప్పను? రెండు వందల ముప్పై మూడుకు నూట అరవై ఏడు మిగిలింది.

బండలు అయిపోయాయి. బారాకట్ట బండ ఒక్కటే మిగిలింది, గళ్ళ మధ్యన రాయడం కష్టమని అన్నాళ్ళూ దాన్ని వదిలేశాను. పీట దాని పక్కకు జరుపుకొని రెండు వందల ముప్పై తొమ్మిది పెట్టాను. వెయ్యిన్నీ నూట పదకొండులో నాలుగుసార్లు పోయి నూట యాభై అయిదు మిగిలింది. ఒకటి దించాను. ఆరుసార్లు, నూట పదిహేడు. ఒకటి దించాను. నాలుగుసార్లు, రెండు వందల పదిహేను. ఆఖరి ఒకటి దించాను. రెండు వేల నూట యాభై ఒకటి. తొమ్మిదిసార్లు రెండు వందల ముప్పై తొమ్మిది ఎంతని పక్క గడిలో వేశాను. రెండు వేల నూట యాభై ఒకటి. కింద గీత గీసి సున్నా పెట్టాను. బయట ఉలి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను, పెరట్లోకి పోయి వచ్చాను, మళ్ళీ చూశాను, సున్నా అక్కడే ఉంది. రెండు వందల ముప్పై తొమ్మిది ఇంటూ నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది.

"అవ్వా, ఈ బండ తుడవొద్దు."

అవ్వ మర్నాటి నుంచి నేను ఊరికి పోయేదాకా చుట్టూ ఉన్న బండలన్నీ తుడిచి, ఆ ఒక్కదాన్ని పొడిగా వదిలిపెట్టింది; దాని మీద కాలు పడకుండా వంటింట్లోకి ఎడంగా అడుగేసి దాటేది.

బడి తెరిచే ముందు రోజు నాయనను బిళ్ళలు అడిగాను. నోటుబుక్కు చూపిస్తే ఒక్క సారుకే కనపడుతుంది. నన్ను అన్నది నలభై మంది ముందు, నలభై మందికీ కనపడాల్సిందే. నాయన తల గీక్కుంటూ నిలబడి, "ఆదివారం పాటలకు కావల్ల. బేగా తెచ్చియ్" అని గుడ్డసంచిలో వేసిచ్చాడు. ఏడు ఒకట్లు, ఒక రెండు, ఒక మూడు, రెండు నాలుగులు, ఇక ఆరుకూ తొమ్మిదికీ కలిపి మూడు బిళ్ళలు.

బడిలో అందరికంటే ముందు పోయాను. నల్లబోర్డు కింద సుద్దముక్కలు పెట్టుకునే చెక్క అంచు మీద అనుకున్నట్టే పేర్చాను. ఎడమపక్క ఏడు ఒకట్లు, తర్వాత సుద్దతో ఒక సమానం గుర్తు, తర్వాత 239, ఇంటూ, 4649. జూన్ గాలులు. మా పక్క వానకు ముందు వచ్చే ఆ గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి, కళ్ళల్లో ఇసుక పడుతుంది, మనుషులు ఊరికే కసురుకుంటారు. సారు తలుపు తోసుకొని లోపలికి రావడమూ, గాలి వచ్చి చివరి బిళ్ళను కింద పడేయడమూ ఒక్కసారే జరిగాయి. నేనే పరుగెత్తి తీసి పెట్టాను. ఎవరు పెట్టారంటే నేనే పెట్టాను. కాదనడం లేదు.

"ఏందమ్మా ఇది?"

"ఏడు ఒకట్లు సార్. ప్రైం కాదు సార్."

ఆయన నా నలభై రోజుల వైపు ఒక్క క్షణం చూశారు. చూసింది కూడా అన్ని అంకెలనూ కాదు, గుణించే రెండు సంఖ్యల చివరి అంకెలనే. తరగతి వైపు తిరిగారు.

"తొమ్మిదార్ల ఎంతప్పా?"

"యాభై నాలుగు!" అంది తరగతి.

"చివర ఏమొస్తాది?"

"నాలుగు!"

"ఈడ చివర ఏముండాది?"

"ఒకటి!"

అప్పుడు చూశాను. చివరి తొమ్మిది తలకిందులై ఆరై కూర్చుంది. నలభై మందీ నవ్వుతున్నారు, కొందరు బెంచీలు కొడుతున్నారు. "సార్, అది తొమ్మిది సార్, తిరగబడింది సార్" అని పోయి బిళ్ళ తిప్పాను.

"నీకు కావాల్సినట్ల తిప్పుకుంటే లెక్క సరిపోతాదా? కూచో. ఎండాకాలమంతా చెక్కముక్కలు ఆడుకోని వచ్చినావ్."

ఒక్కసారి గుణించి ఉంటే సరిపోయేది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఆయన నాకు ఇవ్వలేదు. ఆ గంటలోనే పేర్లు చదివారు, నేను జనరల్. మర్నాడు ఆయన వచ్చేలోపు బోర్డు మూలన గుణకారం మొత్తం చేసి పెట్టాను, చూడకుండానే డస్టరుతో తుడిచేశారు. ఆ మర్నాడు మళ్ళీ రాశాను. మూడో రోజు బెంచీ ఎక్కి నిలబడమన్నారు. గీతల కాగితం మీద హెడ్‌మాస్టరుకు అర్జీ రాశాను, మొత్తం గుణకారంతో సహా. జవాబు రాలేదు. తర్వాత జీవితంలో కుళాయి నీళ్ళ గురించి, వీధి దీపాల గురించి, పెన్షను గురించి ఎన్ని అర్జీలు రాశానో, ప్రతిదాని నకలూ నా దగ్గర ఉంది. ఆ మొదటిదాని నకలు ఒక్కటే లేదు, నకలు పెట్టుకోవాలని అప్పటికి తెలియదు.

ఇంటికి పోయి సంచి నాయన ముందు పడేశాను. "నాయనా, ఆరుకు ఒకటి, తొమ్మిదికి ఒకటి యాల చెయ్యలేదు నువ్వు?"

విషయం అంతా విన్నాడు. పత్తి నూగు తలతో అట్లాగే కూర్చొని, "చెక్క చాల్లేదు మే. చూసుకోని పెట్టాల్సింది నువ్వు గదా" అన్నాడు.

"సారు కాడికొచ్చి చెప్పు నాయనా."

"సదువుకున్నోళ్ళు. నేను పోయి ఏం చెప్పేది మే?"

అంతే. ఆ శనివారం నుంచి నేను చర్చికి బిళ్ళలు తగిలించడానికి పోలేదు. ఆయన గడప దగ్గర ఒక క్షణం ఆగి, నేను లేవకపోతే ఒక్కడే పోయేవాడు. ఆదివారం నేను వెనక వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చొని, నంబరు కావాల్సివస్తే పక్కామె పుస్తకంలోకి తొంగిచూసేదాన్ని తప్ప ఆ బోర్డు వైపు తలెత్తేదాన్ని కాదు. అదే నెలలో నా పచ్చ పీట కూడా కనపడకుండా పోయింది. అడిగితే, "అక్కరకొచ్చింది, వాడుకున్యా" అన్నాడు, దేనికో చెప్పలేదు. నన్ను అడగకుండా నా పీట ఎవరికో ఇచ్చేశాడనుకున్నాను. చదువుకు పీట ఎందుకు, ఎట్లాగూ జనరల్లే కదా అని ఆయన అనుకొని ఉంటాడని కూడా అనుకున్నాను. అది సారు చేసినదానికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది, అందుకే ఎవరికీ చెప్పలేదు.

నేను టెలిఫోన్ ఆపరేటరునయ్యాను. ఎనభైల్లో ఒకసారి డ్యూటీ మీద పోతూ డోన్ స్టేషన్లో రైలు కోసం కాచుకొని ఉన్నప్పుడు, సిమెంటు బెంచీ మీద గొడుగు పక్కన పెట్టుకొని బొరుగులు తింటున్న ముసలాయన్ను చూశాను. లెక్కల సారు. పోయి ఎదురుగా నిలబడ్డాను. ఆయన గుర్తుపట్టలేదు. పేరు చెప్పాను, "ఎస్తేరును సార్, నంద్యాల." గుర్తురాలేదు. "ఏడు ఒకట్లు సార్."

"ఏడు ఒకట్లా? అది ప్రైం గదమ్మా. నేను ప్రతి బ్యాచికీ చెప్పినా గదా" అన్నారు సంతోషంగా.

బొరుగుల పొట్లం కాగితం ఆయన చేతిలోంచి తీసుకొని, రెండు సంఖ్యలూ రాసి, పెన్ను ఇచ్చి, "గుణించండి సార్" అన్నాను. ఆయన కాదనలేదు. మోకాలి మీద పెట్టుకొని, తొమ్మిది తొమ్ముదులు ఎనభై ఒకటి అని పెదాలతో అనుకుంటూ, వరస వరసా వేసి, కింద గీత గీసి కూడారు. కుడి నుంచి ఎడమకు ఒకటి, ఒకటి, ఒకటి అని ఏడు పడ్డాయి. చాలాసేపు దాని వైపే చూశారు. తర్వాత నా వైపు తల ఎత్తి, చాలా బాధగా, నిజంగానే బాధగా అన్నారు: "ఇన్నేండ్లలో ఒక్కరన్నా నాకు చెప్పలేదే!"

ఈలోపు ఆయన రైలు వచ్చింది, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని, గొడుగు తీసుకొని ఎక్కిపోయారు. నేను ఆయనకు చెప్పాల్సిన జవాబు ఇప్పటికీ ఇంట్లో నడుస్తూ, అంట్లు తోముతూ చెప్పుకుంటూనే ఉంటాను, ఒక్కోసారి ఒక్కో తీరుగా.

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు వచ్చింది. కాలేజీలో లెక్కలు చెబుతుంది. పెట్టె చూసి ఏమిటని అడిగితే అంతా చెప్పాను. ఫోనులో ఏడు ఒకట్లు కొట్టింది, నేను వాక్యం పూర్తి చేసేలోపు రెండు సంఖ్యలూ వచ్చేశాయి. అంతటితో ఊరుకోకుండా, "పెద్దమ్మా, ఏడు ఒకట్లను భాగించే ప్రైం ఏదైనా సరే, దాన్ని పద్నాలుగుతో భాగిస్తే ఒకటి మిగలాలి. ఆ రకంవి ఇరవై తొమ్మిది, నలభై మూడు, డెబ్బై ఒకటి, అట్ల పోతే రెండు వందల ముప్పై తొమ్మిది ఎనిమిదోది. ఎనిమిది చేస్తే సరిపోయేది, నువ్వు యాభై రెండు చేసినావు" అంది నవ్వుతూ. ఎనిమిది. వారం రోజుల పని. నన్ను కాంపోజిట్‌లో రాసి ఉంటే ఆ దారిలో ఎప్పుడో ఒకప్పుడు నాకూ అది ఎవరో చెప్పి ఉండేవారు. ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది, పాపం, కాఫీలో చక్కెర వేయడం మరిచిపోయాను.

"ఏదీ, పేర్చి చూపించు పెద్దమ్మా" అంటే మొదటిసారి పెట్టె పూర్తిగా ఖాళీ చేశాను. ఏడు ఒకట్లు పెట్టాను. రెండు, మూడు పెట్టాను. తొమ్మిది కోసం వెతికితే తొమ్మిదులు వేరే దొరికాయి. నాలుగు బిళ్ళలు, మిగతావాటి కన్నా మందం, టీ పెట్టె చెక్క కాదు. అంకె కింద ఒక అడ్డగీత కూడా గీసి ఉంది, ఎటు పైనో ఎటు కిందో ఎవరూ పొరబడకుండా. పాత బిళ్ళల్లో కింది రంధ్రాలను మైనంతో పూడ్చి వాటిని ఉత్త ఆరులు చేశాడు. తొమ్మిదులకు రంధ్రం ఒకటే, పైన. ఒకదాన్ని వెనక్కి తిప్పాను. పచ్చ రంగు. నాలుగింటి వెనకా పచ్చ రంగే, ఒకదాని మూలన నేను బలపంతో గీకిన ఎస్తేరులోని మొదటి అక్షరం సగానికి తెగి ఉంది.

నాయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. అన్ని ఆదివారాలు ఆ తొమ్మిదులు ఆ గోడ మీద నాకు ఎదురుగా వేలాడాయి, నేను తల ఎత్తలేదు. ఆయనా చెప్పలేదు. చెప్పి ఉండవచ్చు కదా. ఒక్క మాట. అవ్వ ఇంట్లో ఇప్పుడు నాపబండలు లేవు, ఎవరో కొనుక్కొని తెల్ల టైల్సు వేయించారు, బారాకట్ట బండ ఏమైందో తెలియదు. జనరల్, కాంపోజిట్ అన్న చీలిక లేదు, అప్పటి మా తరగతి గది లేదు. అర్జీ రాయడానికి పైన పేరు పెట్టాల్సిన మనిషి ఒక్కరూ మిగల్లేదు.

ఆ పిల్ల పోయాక గోడకు మేకులు కొట్టి 239, కింద 4649 తగిలించాను. చివరి తొమ్మిది తీసి తలకిందులుగా తగిలించబోయాను. మేకుకు పట్టలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. పట్టలేదు.